తిరగేసి పెట్టిన ట్రాన్సిస్టర్

రత్నం,

బాగున్నావా అని రాయబోయి ఆగాను. నువ్వు వెళ్ళి ఈ రోజుకి ఏడు నెలల పదకొండు రోజులు. నెలల్లో చెబితే తక్కువనిపిస్తుంది. రోజుల్లో రెండు వందల ఇరవై ఐదు.

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఇరవై ఏళ్ళు ఒకే వంటింట్లో తిరిగిన అత్తాకోడళ్ళకి ఉత్తరాల అవసరం ఏముంటుంది... ఇప్పుడు వచ్చింది. ఒక తప్పు చేశాను. చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఇంట్లో ఇద్దరున్నారు, అయినా ఎవరూ లేరు.

ముందు ఇంటి సంగతులు చెబుతాను. క్రమంలో చెప్పకపోతే నాకు తోచదు.

నీ భర్త బాగానే ఉన్నాడు అనాలి. మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు తప్పడం లేదు. వస్తాడు, తింటాడు, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. కూర ఎలా ఉందిరా సూరిబాబూ అంటే బాగుందంటాడు. ఒక రోజు ఉప్పు వేయడం మరిచిపోయాను. ఆ రోజూ బాగుందనే అన్నాడు. నా కొడుకుని ఎలా కదిలించాలో నాకు తెలియదని అప్పుడు తెలిసింది. అన్నేళ్ళూ వాణ్ణి నేనే నడిపిస్తున్నాననుకున్నాను. నా మాట నీ మీదుగా వాడికి చేరేదన్న సంగతి గమనించనే లేదు.

ఇక హారిక. నీ కూతురు ఆరోగ్యంగా ఉంది. రెండు కేజీలు తగ్గింది. మేడ మీది గదిలో ఉంటుంది. ఉదయం ఎనిమిదింటికి కాలేజీకి వెళుతుంది, సాయంత్రం నాలుగున్నర దాటాక వస్తుంది. వచ్చిన సమయం పుస్తకంలో రాస్తున్నాను. సోమవారం నాలుగూ నలభై. మంగళవారం నాలుగూ యాభై రెండు. ఆ పన్నెండు నిమిషాలు ఎందుకు ఎక్కువయ్యాయని అడిగాను. బస్సు లేటు అంది. మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఇంకో సంగతి కూడా రాస్తున్నాను, నీకు కోపం వస్తుందని తెలిసే చెబుతున్నాను... అది నాతో రోజుకి ఎన్ని మాటలు మాట్లాడుతోందో లెక్క పెట్టాను. పోయిన వారం ఒక రోజు పదకొండు. మర్నాడు నాలుగు. చాలు, వద్దు, తిన్నాను, ఊఁ.

రెండో నెలలో బుచ్చయ్యపేట నుంచి మీ అమ్మా అన్నయ్యా వచ్చారు. పిల్లని కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంచుతాం, పొద్దున్నే బండి మీద తీసుకొచ్చి బస్సెక్కిస్తాం అన్నారు. చదువు పాడవుతుందని పంపలేదు. దసరాకి మళ్ళీ అడిగారు. పరీక్షలని పంపలేదు. స్నేహితురాలి పుట్టినరోజుకి పంపలేదు. ఫోను కూడా ఎనిమిది దాటాక నా దగ్గరే ఉంటుంది.

దాన్ని కనిపెట్టి ఉండాలని నేనూ బయటికి వెళ్ళడం మానేశాను. శారదా నది వంతెన దాకా సాయంత్రం నడిచేదాన్ని కదా, అదీ లేదు. అది మేడ మీద, నేను మేడ కింద. ఎవరు ఎవరికి కాపలా కాస్తున్నామో ఒక్కోసారి నాకే అర్థం కాదు.

సరే, అసలు విషయానికి వస్తాను.

నువ్వు ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ, ఆ తర్వాత కర్మల రోజులూ హారిక కాలేజీకి వెళ్ళలేదు. ఎలక్ట్రానిక్స్ ల్యాబు పోయింది. పరీక్ష తప్పింది. ఇప్పుడు మళ్ళీ రాయాలి. పోయిన ప్రయోగాలన్నీ చేసి, రికార్డు మీద సంతకం పెట్టించుకుంటేనే ప్రాక్టికల్స్‌కి కూర్చోనిస్తారు. నువ్వు పని చేసిన ల్యాబే కదా, అక్కడి మేడం నీ మీద గౌరవంతో ఒక వెసులుబాటు ఇచ్చింది. ట్రాన్సిస్టర్ ప్రయోగాలు మూడూ ఇంట్లో అమ్మ సామానుతోనే చేసుకుని, రీడింగులు తీసుకురమ్మంది.

నేను చెబుతాను పద, అన్నాను హారికతో.

నవ్వుతున్నావు. నాకు వినిపిస్తోంది. లెక్కల టీచర్ని, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను, టంకం వేసే కడ్డీ ఎప్పుడైనా పట్టుకున్నానా? కానీ పుస్తకం చదివితే రానిదేముంది అనుకున్నాను. నీ అలమారా తెరిచి, ప్లాస్టిక్ డబ్బా దించాను. కరెంటు కొలిచే రెండు మీటర్లు, ముక్కలు గుచ్చే బ్రెడ్ బోర్డు, రంగు వైర్లు, చిన్న కాగితం పొట్లంలో నల్లటి ట్రాన్సిస్టర్లు. పొట్లం మీద నీ రాత. దాన్ని విప్పడానికి కొంచెం సేపు పట్టింది.

నాలుగు రోజులు చదివాను. విషయం నాకు నచ్చింది, దాచను. మూడు కాళ్ళు, ఎమిటర్, బేస్, కలెక్టర్. లోపలికి వచ్చే దారికి రెండు కాళ్ళు కావాలి, బయటికి పోయే దారికి రెండు కావాలి, ఉన్నవి మూడే. కాబట్టి ఒక కాలు రెండింటికీ ఉమ్మడి. ఏ కాలు ఉమ్మడిదైతే ఆ కనెక్షన్‌కి, అంటే ఆ కట్టుకి, ఆ పేరు: కామన్ ఎమిటర్, కామన్ బేస్, కామన్ కలెక్టర్. ముక్క అదే, దాని గుణం మాత్రం కట్టుతో మారిపోతుంది.

ఇదే సంగతి నువ్వు వంటింట్లో కూరగాయలు తరుగుతూ చెప్పావు, గుర్తుందా? నేను ఎవరి మీదో విసుక్కున్న రోజు.

"అత్తయ్యా, మీరు కామన్ ఎమిటరండి. ఒక్క మాట లోపలికెళ్తే, అవతల నూరు మాటలై తిరగబడి వత్తాది."

రెండు రోజులు నీతో మాట్లాడలేదు. సైన్సుని ఉపమానాలతో చెప్పకూడదని మాత్రం అన్నాను. నువ్వు ఊరుకున్నావా?

"మరి నేనేటో సెప్పమంటారా? నేను కామన్ కలెక్టర్ని. గొంతు పెంచను. ఎంతొత్తే అంతే అందిత్తాను. కానీ ఎనకాల ఎంత బరువున్నా మోసీగలను. అందుకే నన్ను మద్దిలో ఎడతారు."

మూడోది ఎవరని నేను అడగలేదు. నువ్వే అన్నావు, "కామన్ బేసు మనింట్లో ఒకలున్నారు, పేరు సెప్పను" అని. ఎంత ఇచ్చినా తీసుకుంటుందట, తీసుకున్నదానికి ఒక్క పిసరు తక్కువగా తిరిగిస్తుందట. ఎవరు రత్నం? సూరిబాబా? నేను మళ్ళీ మళ్ళీ అనుకుంటున్నాను... హారిక కాదు కదా?

కామన్ ఎమిటర్ దగ్గర మొదలుపెట్టాం. భోజనాల బల్ల మీద నాలుగు పెద్ద సెల్లులు వరసగా పెట్టి, ఆరు వోల్టులు. బేస్ దారిలో ఒక మీటరు, కలెక్టర్ దారిలో ఒక మీటరు. ట్రాన్సిస్టర్‌ని నేనే బోర్డులో గుచ్చాను. చదునైన వైపు నా వైపు పెట్టి, ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్ అనుకున్నాను.

ఎందుకలా గుచ్చానో తెలుసా? పుస్తకంలో ఎక్కడ చూసినా ఎమిటర్, బేస్, కలెక్టర్ అనే వరసే ఉంది. చదివేటప్పుడు ఏ వరసో, కాళ్ళు కూడా అదే వరస అనుకున్నాను. అది మాటలు చెప్పుకునే వరసేగానీ ఆ ముక్క తయారైన వరస కాదని తట్టలేదు. ముప్ఫై ఆరేళ్ళు పిల్లల చేత వరసగా చెప్పించినదాన్ని, మరోలా ఎలా తడుతుంది?

బేస్‌లోకి ఇరవై మైక్రో ఆంపియర్లు పంపాం. కలెక్టర్‌లో సున్నా దశాంశం ఒకటీ నాలుగు మిల్లీ ఆంపియర్లు వచ్చింది. అంటే ఏడు రెట్లు.

హారిక వంగి చూసింది. నెలల తర్వాత దాని ముఖంలో ఏదో కదిలింది.

"నానమ్మా, తిరగేసి పెట్టీసేవు. చదునుగా ఉన్న వైపు మనకేసి పెట్టి సూత్తే ఎడం పక్కది కలెక్టరు. అమ్మ అలగే పెట్టేది. ఏడేటి, రెండొందలు దాటాలి."

నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. మీటరు చూపిస్తోంది కదా, మీటరు అబద్ధమాడుతుందా అన్నాను. ట్రాన్సిస్టర్ పాతదై బలం తగ్గి ఉంటుందన్నాను. తప్పుగా పెడితే అసలు రీడింగే రాకూడదన్నాను. నా వాదన నాకు ఎంత బాగా అనిపించిందో!

అది ఇంకొకసారి చెప్పింది. నేను మధ్యలోనే ఆపాను. పరీక్ష తప్పినవాళ్ళు చెప్పింది రాసుకోవాలి, పాఠం చెప్పకూడదు అన్నాను.

మూడోసారి చెప్పలేదు.

అది విడిగా ఒక కాగితం మీద తన లెక్క ప్రకారం వేసుకున్న పట్టిక ఉంది. దాన్ని చింపించాను, రత్నం. నా ఎదుటే చింపించాను. మూడు కట్లకీ నా రీడింగులే రాయించాను. గ్రాఫులు గీయించాను. మార్జిన్లు స్కేలుతో కొట్టించాను. అంత శుభ్రమైన రికార్డు ఆ క్లాసులో ఇంకొకటి ఉండదని గర్వపడ్డాను కూడా.

మొన్న బుధవారం హారిక రికార్డు తీసుకుని వెళ్ళింది. నాలుగూ ముప్ఫై ఎనిమిదికి వచ్చింది. రికార్డు బల్ల మీద పెట్టి మేడ మీదికి వెళ్ళిపోయింది. తెరిచి చూశాను. పేజీకి అడ్డంగా ఎర్ర గీత. దాని కింద మేడం రాత: కలెక్టర్, ఎమిటర్ తారుమారు. అన్నీ మళ్ళీ చేయాలి. సోమవారం లోపల.

నేను పిల్లల నోటు పుస్తకాల మీద అలాంటి గీతలు ఎన్ని వేలు గీసి ఉంటాను... అవతల ఉండి చూస్తే ఎలా ఉంటుందో ఇన్నాళ్ళూ తెలియలేదు నాకు.

మేడంకి ఫోను చేశాను. గొడవ పడదామనే చేశాను, నిజం చెబుతున్నాను. ఆవిడ మర్యాదగా మాట్లాడింది. రత్నం కూతురు ఇంత చిన్న తప్పు చేయడమేమిటండి అని బాధపడింది. ఎవరు చెప్పారు ఇలా పెట్టమని అని క్లాసులో అందరి ముందూ అడిగిందట. హారిక ఏమందో తెలుసా?

"ఎవులూ చెప్పలేదు మేడం. నేనే సూసుకోలేదు."

అందరూ నవ్వారట.

ఫోను పెట్టేశాను. హారిక నా పేరు చెప్పలేదు, రత్నం. ఎందుకు చెప్పలేదు? నా మీద ప్రేమా? లేక నా గురించి చెప్పడం కూడా వృథా అనుకుందా? ఈ ప్రశ్న రెండు రోజులుగా నన్ను తినేస్తోంది. అడగలేను. ఏ జవాబు వచ్చినా భరించలేను.

నిన్న మధ్యాహ్నం నీ ల్యాబు నోటు పుస్తకం తీశాను. సర్క్యూట్ల కోసం ఇదివరకు మొదటి పేజీలే చూశాను. చివరి అట్ట లోపలి వైపు చూడలేదు. అక్కడ పెన్సిల్‌తో రాసుకున్నావు:

"సి, ఇ తారుమారైనా రీడింగు వస్తుంది. కొంచెమే వస్తుంది. అసలు రాకపోతే తప్పు ఎక్కడుందో వెంటనే వెతుకుతాం. కొంచెం వస్తుంటే వెతకం, పని చేస్తోందనుకుంటాం. పిల్లలకి ఇది గట్టిగా చెప్పాలి."

నేను ఆ ఐదు వాక్యాలూ ఎన్నిసార్లు చదివానో లెక్క పెట్టలేదు.

బోర్డు దగ్గరికి వెళ్ళాను. ట్రాన్సిస్టర్ పీకి, చదునైన వైపు అవతలికి ఉండేలా తిప్పి గుచ్చాను. అదే ఇరవై మైక్రో ఆంపియర్లు. మీటరు మీద నాలుగు దశాంశం ఎనిమిది. రెండు వందల నలభై రెట్లు. సెల్లులు మారలేదు, వైర్లు మారలేదు, ఆ ముక్కా మారలేదు. దాని బలం తగ్గలేదు. దానిలో అంత శక్తి ఉంది, నేను ఏడుకి ఒప్పుకున్నాను. పైగా దాన్నే పాతబడిందన్నాను.

ఉపమానాలు వద్దని నీకు చెప్పినదాన్ని... కానీ ఈ ఇంటిని చూడు. వేళకి వంట అవుతోంది. సూరిబాబు డ్యూటీకి వెళుతున్నాడు. హారిక నాలుగున్నరకి వస్తోంది. కొంచెం పని చేస్తోంది కదా. అందుకే నేను వెతకలేదు.

చదువు కోసమే పంపలేదని మీ అమ్మతో చెప్పాను. అది అబద్ధం. బుచ్చయ్యపేట వెళితే అది నవ్వుతుంది. మీ అన్నయ్య మైకు సెట్లు విప్పి ముందు పెడతాడు, దాని చేతులు నీ చేతుల్లా పని చేస్తాయి. మీ అమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుంటుంది. అవేవీ నాకు రావు. అక్కడ అన్నీ దొరికాక ఇక్కడికి ఎందుకు తిరిగొస్తుంది? వచ్చే కారణం నాకు ఒక్కటీ కనిపించలేదు. అందుకని పంపలేదు.

నిన్న సాయంత్రం అది రాగానే మేడ ఎక్కాను. పద్దెనిమిది మెట్లు, మోకాళ్ళు ఒప్పుకోలేదు, మధ్యలో రెండుసార్లు నిలబడ్డాను. అది కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఏమనాలో దారి పొడుగునా తయారు చేసుకున్నాను. అక్కడికి వెళ్ళాక ఒక్కటే వచ్చింది. తప్పు నాది, అన్నాను. నువ్వు మొదటే సరిగ్గా చెప్పావు, అన్నాను.

నా జీవితంలో ఒక పిల్ల ముందు ఆ మాట అనడం అదే మొదలు. అది నా వైపు తిరిగింది. ఆ తర్వాత ఏమందంటే...

"అమ్మ కూడా ఒకపాలి అలగే పెట్టీసింది నానమ్మా. ఉద్యోగంలో చేరిన కొత్తలో. క్లాసు మొత్తం చేత తప్పు రీడింగులు రాయించీసింది. మర్నాడు పిల్లలందరికీ సారీ చెప్పి, మళ్ళీ చేయించిందట. నాకు చెప్పి ఒకటే నవ్వు."

నాకెందుకు చెప్పలేదు రత్నం? చెబితే ఏమంటాననుకున్నావు?

అనేదాన్నే. నాకు తెలుసు.

హారిక, బుచ్చయ్యపేటలో మామయ్య దగ్గర కూర్చుని మళ్ళీ చేసుకుంటాను, సోమవారం అక్కడ్నించే కాలేజీకి వెళ్తాను, పంపుతావా అని అడిగింది. గొంతులో ఆశ లేదు. అడగాలి కాబట్టి అడిగినట్టుంది. వెళ్ళమన్నాను. సరిగ్గా వినలేదనుకుంది, మళ్ళీ చెప్పించుకుంది.

మేడంకి ఒక కాగితం రాసి రికార్డులో పెట్టాను. తప్పు రీడింగులు తీసినది నేను, మనవరాలు ఆపినా వినలేదు, క్లాసులో అందరి ముందూ ఈ కాగితం చదవండి అని రాశాను. కింద సంతకం, దాని కింద రిటైర్డ్ ప్రధానోపాధ్యాయిని అని కూడా రాశాను. ఇన్నాళ్ళూ ఆ రెండు మాటలూ గౌరవానికే వాడాను.

ఈ ఉత్తరం రాస్తుంటే హారిక బట్టలు కిందికి తెచ్చుకుని పక్క గదిలో సర్దుకుంటోంది. రేపు ఉదయం మొదటి బస్సు. సూరిబాబు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దించుతానన్నాడు, తనంతట తనే అన్నాడు.

నీ కూతురు వెళ్ళేది మూడు రోజులకి. నేను ఇక్కడి నుంచే చూస్తున్నాను, లెక్క పెట్టకుండా ఉండలేకపోయాను. తొమ్మిది జతలు పెట్టింది. చలికాలం స్వెట్టరు పెట్టింది. గోడ మీది నీ ఫోటో తీసి, చీర మడతల మధ్య పెట్టింది. ఆ చీర కూడా నీదే.

మూడు రోజులకి తొమ్మిది జతలెందుకని అడగడానికి నోరు తెరిచాను, రత్నం. ఆ ప్రశ్న నాలుక చివర దాకా వచ్చింది. అది ఒక్క క్షణం ఆగి నా ముఖంలోకి చూసింది. అడుగుతాననే చూసింది.

సంచీ జిప్పు పడటం లేదు, ఇటు పట్టుకుంటాను, నువ్వు లాగు అన్నాను.

ఇద్దరం కలిసి వేశాం.

ఎప్పుడొస్తావని రేపు కూడా అడగను. బస్సు కదిలాక కూడా అడగను. నీకు మాట ఇస్తున్నాను.

నీ అత్తయ్య